మంచినీళ్ల పడవ

కదిరిలో మాకు ఇంటర్మీడియట్ ఇంగ్లీషు చెప్పిన మాస్టారు పోయారని ఆయన అద్దెకున్న ఇంటి యజమానురాలు ఫోన్ చేశారు. "మీ సార్ పోయినాడమ్మా. పొద్దున కాఫీ తీసకపోతే పలకలేదు. ఎవరికి చెప్పాల్నో తెలీలేదు. గోడమీద నీ నంబరొకటే ఉండాది," అన్నారు.

ఆయనది సముద్రతీరం. ఉద్యోగానికి మా కరువు నేలకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు, పెళ్లి చేసుకోలేదు. నేను చదివిన డెబ్బైల చివరి ఏళ్లలో, ఊరొదిలి కూలికి వెళ్లినవారి పేర్లు కూడా హాజరులో పిలిచి, జవాబు వస్తుందేమో అన్నట్టు ఆగేవారు.

ఆ ఏడు పాఠ్యంగా పెట్టిన పుస్తకాన్ని మాలో చాలామంది కొనలేదు, గైడు చాలనుకున్నాం. సముద్రం నడుమ రాతిదిబ్బ మీద దీపస్తంభాన్ని కాచే ఒంటరివాడి కథ. వాన చుక్కకే మొహంవాచిన మాకు సముద్రంతో ఏం పని? మాస్టారు చదువుతుంటే తెలిసింది: తుఫాను వల్ల మంచినీళ్ల పడవ రాక, అతడు తొట్టిలో మిగిలిన నీటిని రోజూ కొలుచుకుంటున్నాడు. మా అమ్మ చేసే పనే అది. ఎక్కడో ఇంగ్లీషులో ఎవరో మా ఇంటి సంగతి రాసినట్టనిపించింది.

"చుట్టూ నీళ్లే కదా సార్, తాగేకి ఆయప్పకేం రోగం?" అన్నాడొక సహాధ్యాయి.

"అవి ఉప్పునీళ్లయ్యా."

"ఉప్పయితే ఏమి సార్? మా ఊరి బావినీళ్లూ ఉప్పే. మేం తాగి బతకలేదా?"

క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు, ఆ నీళ్లు తెమ్మన్నారు. మరునాడు అతడు సీసాలో తెచ్చిన ఆ నీళ్ల పక్కన, సముద్రపు నీటికి సమానంగా ఉప్పు కలిపిన నీళ్ల గ్లాసు పెట్టి, మాచేత రెండూ రుచి చూపించారు. తాను సీసా నీళ్లు ఒక గుక్క తాగి, "ఇవా మీరు తాగుతున్నది?" అన్నారు. బావినీళ్లలో లవణాలు కొలవడమే తరువాత నా వృత్తి అయింది. నేను చూసిన మొదటి నీటిపరీక్ష అదే.

తుఫాను తగ్గే ఘట్టం చదువుతున్న రోజు మా నాయన క్లాసు గుమ్మంలోకి వచ్చారు. "బెంగుళూరికి కూలికి పోతాండాం సార్. పాపను పిల్చకపోదామని వచ్చినా." నా చదువు ఆ మాటతో ముగిసిందనుకున్నాను. మాస్టారు ఆయనకు బెంచీ చూపించి, ఇంగ్లీషులో చదివింది తెలుగులో కూడా చెబుతూ పోయారు. గంట కొట్టారు.

"పడవ వచ్చిందా సార్, ఆయప్పకు?" అని నాయన అడిగారు.

"అది రేపటి పాఠమండీ."

ఆయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నారు. "భలే ఇరికించినావు సార్!" అని, నా వైపు తిరిగి, "నువ్వుండమ్మా. విని నాకు చెబ్దువు," అన్నారు. నెలల తరువాత బెంగుళూరు బస్సు దిగుతూనే ఆయన అడిగింది అదే: "వచ్చిందా?"

వచ్చిందనే చెప్పాను.

సముద్రం గుర్తొస్తుందా అని చాలా ఏళ్లకు మాస్టారిని అడిగాను. "అక్కడ నేను పిలవడానికి పేర్లు లేవమ్మా," అన్నారు. ఉద్యోగ విరమణ తరువాత ఇక్కడా లేకపోయాయి. అది నాకు ఆలస్యంగా తోచింది.

ఫోన్ రాగానే వెళ్లాను. ఆయన గదిలో మంచం, పుస్తకాలు, మూలన కుండ. మూత మీద గ్లాసు బోర్లించి ఉంది. మూత తీసి చూశాను. ఎవరో దప్పికతో వస్తారన్నట్టు, కుండ అంచుదాకా నిండి ఉంది.