సొట్ట గెలాక్సీలు

గుండ్రంగా ఉన్నదే మంచిదనీ, వంకరగా ఉన్నదేదీ పనికిరాదనీ గట్టిగా నమ్మిన రోజులు నాకూ ఉండేవి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఉప్పల్‌లో ఇల్లు, నాచారంలో డబ్బా మూతలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. బెల్టు మీద వచ్చే మూతల్ని చూడటమే పని. (ఇంట్లో నాకు పెళ్లిచూపులు, ఫ్యాక్టరీలో నావి మూతచూపులు, రెండుచోట్లా సొట్టలే వెతికేవారు.) పని నేర్పిన, మౌలాలి నుంచి వచ్చే అక్కను అందరం భూతద్దం అక్క అనేవాళ్లం. "జర వంకరున్నా ఎర్ర డబ్బాల ఏసెయ్యి. సోంచాయించకు పిల్లా," అంది మొదటిరోజే, ఆలోచిస్తూ నిలబడితే బెల్టు ఆగదని.

అప్పుడే మా చిన్నమ్మ కొడుకు ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ చూపించాడు. ఖగోళ శాస్త్రవేత్తల దగ్గర గెలాక్సీల ఫోటోలు గుట్టలు పడ్డాయట, చూసి రకం చెప్పడానికి మామూలు మనుషుల సాయం కావాలట. చూడటమేగా, నా వృత్తే అది! ఒక్కో ఫోటో కింద మూడు బటన్లు: నున్నగా ఉంది, చేతులు చాచినట్టుంది, గెలాక్సీ కాదు ఫోటోలో లోపం. భోజనం వేళ చపాతీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వారంపాటు నొక్కాను. గుండ్రటివన్నీ పాస్. సాగినవి, చిరిగినవి, ఒకదాన్నొకటి గుద్దుకున్నట్టున్నవి అన్నీ లోపంలోకి.

ఎనిమిదో రోజు సైట్‌లో శాస్త్రవేత్తల ఉత్తరం కనిపించింది. వంకరగా, చిరిగినట్టు ఉన్నవాటిని వదలొద్దని, రెండు గెలాక్సీలు కలిసిపోయేటప్పుడు అలాగే ఉంటాయని, తాము వెతుకుతున్నది వాటినేనని. చేతిలో చపాతీని తిరిగి డబ్బాలో పెట్టేశాను. మా ఫ్యాక్టరీలో ప్రతి పెట్టె మీదా చూసినవాళ్ల నంబరు ఉంటుంది. తప్పు దొరికితే ఆ నంబరును వెతుక్కుంటూ పెట్టె వాపసు వస్తుంది. ఆ సైట్‌లోనేమో నేను ఇంటిపేరుతో సహా పేరు, ఫోన్ నంబరు ఇచ్చాను! ఆ మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తలేదు. (గ్యాస్ సిలిండర్ తెచ్చినాయనట.) మూడు రోజులు అన్నం సయించలేదు, కళ్లముందు నుంచే సొట్ట మూతలు దాటిపోయాయి.

అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏందే, సొట్టలన్నీ పాస్ జేస్తున్నవ్. పానం బాగలేదా?" "అక్కా, వందల గెలాక్సీలను ఎర్ర డబ్బాల ఏసిన," అన్నాను ఏడుపు గొంతుతో. అంతా విని, "అవి లారీల వాపస్ వస్తయా ఏంది? తప్పైతే రాసియ్యి. ఈడ గట్లనే గద జేస్తం," అంది. ఆ శాస్త్రవేత్తలకు రాసి పంపాను, మా ఫ్యాక్టరీ ఫారం పద్ధతిలోనే. షిఫ్టు: భోజన విరామం. లోపం: సరుకులో లేదు, చూసినవారిలో ఉంది. కారణం: మూతలు. దిద్దుబాటు: మళ్లీ జరగదు.

రెండు రోజులకు జవాబు వచ్చింది. నా రిపోర్టును వాళ్ల గది గోడకు అంటించుకున్నారట. ఒక్కో ఫోటోను చాలామంది చూస్తారు, ఒకరు పొరబడితే మిగతావాళ్లు సరిదిద్దుతారు, మానేయకండి అని రాశారు. అక్కకు చదివి వినిపిస్తే పకపకా నవ్వింది. "అయితే నీ ఒక్కదానితోని ఏం గాదన్నట్టు. ఉత్తగనే మస్తు ఫికర్ జేసినవ్!" బరువు దిగింది గానీ, కాస్త చిన్నతనంగానూ అనిపించింది. విశ్వాన్ని పాడుచేసేంత స్థాయి నాకు లేదని ఒప్పుకోవడం ఆ వయసులో తేలికా?

ఇప్పుడు అదే బెల్టు దగ్గర కొత్తవాళ్లకు నేర్పేది నేనే. అన్నీ అక్క చెప్పినట్టే చెబుతాను, 'సోంచాయించకు' అన్న మాటొక్కటి నోటికి రాదు. మొన్నొక మూత అంచు సాగి, మధ్యలో సుడి తిరిగి వచ్చింది. వెలుతురుకేసి తిప్పి చూస్తుండగానే నాలుగు మూతలు ముందుకెళ్లిపోయాయి. "ఏమైందక్కా? సొట్టనే గద?" అంది కొత్తమ్మాయి. "సొట్టనే," అన్నాను. ఎర్ర డబ్బాలో మెల్లగా పెట్టాను.