లైన్లో అక్క డబ్బా

నా చిన్నప్పుడు మా అక్క జబ్బును చూసి నేను కుళ్ళుకునేదాన్ని. జబ్బు మనిషిని చూస్తే జాలి పుట్టాలి గానీ కుళ్ళేమిటని అంటారేమో. పదేళ్ళ పిల్లకు జబ్బులో నొప్పి కనిపించదు, అరటిపండ్లు కనిపిస్తాయి.

ఎనభైల మొదట్లో మాట. బొంబాయి కామాటిపురలో, వరసగా ఒంటిగదులుండే ఒక చాల్‌లో, రెండో అంతస్తులో మాది ఒక్క గది. అక్కకు పధ్నాలుగేళ్ళు. ఏడాదిగా కడుపునొప్పి, రోజుకు పదిసార్లు విరేచనాలు, వాటితో పాటు నెత్తురు. నాన్న పెయింటింగ్ పని నుంచి వస్తూ నాగ్‌పాడా బజార్లో అక్క కోసం అరటిపండ్లు కొనేవాడు. అమ్మ మెత్తటి అన్నంలో పెరుగు పిసికి అక్కకు పెట్టి, నాకు మిగిలిన రొట్టె ఇచ్చేది. ఆసుపత్రికి అక్కను టాక్సీలో తీసుకుపోయేవారు, నేనేమో అప్పటిదాకా టాక్సీ ఎక్కి ఎరగను. మందులకు అక్క మొహం గుండ్రంగా ఉబ్బితే, ఆ బుగ్గలు నాకెప్పుడొస్తాయా అని అద్దంలో చూసుకునేదాన్ని.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది సండాసు దగ్గర. అంతస్తు మొత్తానికి చివర రెండే మరుగుదొడ్లు. పొద్దున్నే ఎవరి నీళ్ళ డబ్బా వాళ్ళు వరుసలో పెట్టి పోయేవారు. డబ్బా ఎక్కడుంటే మనిషి నంబరు అక్కడ. మా అక్క డబ్బా మాత్రం ఎప్పుడు పెట్టినా అందరికంటే ముందుండాలని అంతస్తంతా ఒప్పుకుంది. నేను కాళ్ళు మెలిపెట్టుకుని నిలబడితే అక్క రాణిలా లోపలికి పోయేది.

ఆ ఏడు బడి వార్షికోత్సవంలో నేను డాన్సు చేయాలి. వస్తానని నాన్న మాటిచ్చాడు. తీరా ముందు రోజు, ఆసుపత్రి తారీఖు కూడా అదే రోజు పడిందని తెలిసింది. "నీ డాన్సు మళ్ళేడు చూస్త తియ్ బిడ్డా," అన్నాడు. రాత్రంతా ఏడ్చాను.

తెల్లవారి వరండాలో ఎవరూ లేనప్పుడు అక్క డబ్బాను తీసి అన్నిటికంటే వెనక పెట్టాను. ఒక్కరోజు నాలాగా నిలబడితే తెలుస్తుందనుకున్నాను, అంతే.

అక్క పరుగున వచ్చింది. వరుసలో ముందు తన డబ్బా లేదు. రెండు తలుపులూ వేసున్నాయి, బయట మగవాళ్ళు నిలబడి ఉన్నారు. అర్జెంటని ఒక్క మాటంటే తలుపు తట్టి మరీ దారిచ్చేవారే. కానీ ఆ వయసు పిల్ల నోరు విప్పి ఎలా అడుగుతుంది? కటకటాలు పట్టుకుని కాసేపు నిలబడి, అక్కడే కూలబడిపోయింది. గౌను తడిసింది. నేలమీద నెత్తురు. అందరూ చూశారు. అక్క మొహం మోకాళ్ళలో దాచుకుంది.

మా పక్కగది పెద్దమ్మ ఆసుపత్రిలో ఆయా. ఆమే అందరినీ గదమాయించి పంపించి, అక్కకు దుప్పటి చుట్టి లోపలికి తీసుకుపోయింది. ఆ వరండా తనే కడిగింది.

ఆ రోజు నేనేం డాన్సు చేశానో నాకు గుర్తులేదు. మధ్యాహ్నం బడి నుంచి రాగానే పెద్దమ్మ నన్ను తన గడప దగ్గర కూర్చోబెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. ఆమె మా గల్లీలో తిరిగే ఎర్రకుక్క సంగతి ఎత్తింది.

"దొంగలు రావద్దని మనమే బువ్వ వెట్టి సాదినం. ఇప్పుడది మన పోరగాళ్లనే కరుస్తుంది. మనిషి ఒంట్ల గూడ అసొంటి కాపలా ఉంటదే. బయటి పురుగులొస్తే కొట్టి ఎల్లగొడ్తది. మీ అక్క ఒంట్ల ఆ కాపలాకు మనోళ్లెవరో పరాయోళ్లెవరో తెలుస్తలేదు. ఆమె పేగుల్నే కొడ్తుంది. దినాం కొడ్తే పుండ్లు వడయా? తిండి తప్పు గాదు, దిష్టి గాదు. గోలీలు దానికి గొలుసు లెక్క. కట్టేస్తే కరవది, గని దొంగొస్తే గూడ లేవది. గందుకే మీ అమ్మ నీళ్లు కాగవెట్టి తాపుతది."

ఆ మందులు వేసుకుంటే చిన్న జలుబైనా అక్కకు ముదిరిపోతుందని, ఆ ఉబ్బిన బుగ్గలు కూడా మందుల వల్లేనని అప్పుడే తెలిసింది. అంతలో పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"డబ్బా ఎవరు జరిపిన్రో నేను చూసిన బిడ్డా. బయటోళ్లు గాదు."

నాకు వెక్కిళ్ళు ఆగలేదు. సాయంత్రం పెద్దమ్మ అంతస్తులో అందరికీ వినబడేలా, రేపటి నుంచి అక్క డబ్బా చూసుకునే పని ఈ పిల్లదేనని చెప్పింది. పెళ్ళయి అక్క వెళ్ళిపోయేదాకా ఆ పని నాదే. అరటిపండ్ల మీద కుళ్ళు మాత్రం వెంటనే పోలేదు, అబద్ధమెందుకు.

అక్క ఇప్పటికీ గోలీలు వేసుకుంటుంది. ఆరోగ్యం ఫరవాలేదు. ఇంటికెవరొచ్చినా నన్ను చూపించి, "నా కోసం ఏండ్లకేండ్లు లైన్ల నిలవడ్డది మా చెల్లె. తల్లి గూడ అంత చెయ్యది," అని చెబుతుంది. నేను తలవంచుకుని వింటాను. డబ్బా జరిపింది నేనేనని పెద్దమ్మ ఎవరికీ చెప్పకుండానే కన్నుమూసింది. ఇక ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అక్కకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.