సీట్లో పెట్టిన నీలం సంచి

నేను ఫ్రాన్సు వెళ్లొచ్చానని ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. వెళ్లలేదని కూడా అనలేదు. ఆ రెండో మాట మింగేసినందుకు పారిస్‌లో ఒక రైలు ఆగిపోయింది, ఒక పోలీసు కుక్క తుమ్మి తుమ్మి సొమ్మసిల్లింది. కుక్క సొమ్మసిల్లడం ఒక్కటే నా కల్పన. తుమ్మడం నిజం.

మా ఊరు రాబర్ట్‌సన్‌పేటలో ఒక బట్టలకొట్టు మేడమీద ఆదివారాలు ఫ్రెంచి పాఠాలు చెబుతాను. నా ఫ్రెంచి బెంగళూరులో పుట్టింది, బెంగళూరు దాటి ఎరగదు. కానీ మెడకు మఫ్లరు చుట్టుకుని "పారిస్‌లో అయితేనా..." అని మొదలుపెట్టానంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు. అన్ని నోళ్లు తెరుచుకుని ఉంటే నా నోరొక్కటీ ఎలా మూసుకుంటుంది, మీరే చెప్పండి.

భాషతోపాటు అక్కడి పద్ధతులూ తెలియాలని ఒక పాఠం పెట్టాను. క్లాసంతా కలిసి ఉత్తుత్తి ప్రయాణం చెయ్యాలి. పారిస్‌లో దిగడం, కాఫీ అడగడం, అక్కడినుంచి లియోన్ అనే ఊరికి రైలెక్కడం. పుస్తకంలో ఉన్నంతవరకు బాగానే లాక్కొచ్చాను. రైలు దగ్గరికి వచ్చేసరికి శైలజ చెయ్యెత్తింది. క్యాసంబళ్ళి కిరాణాకొట్టు శెట్టిగారి కూతురు. మారికుప్పం రైల్లో రోజూ బెంగళూరు ఆఫీసుకు పోయొచ్చే పిల్ల.

"సార్, ఆడ రైల్లో సీటు ఎట్ల పట్టాల?"

తెలియదమ్మా అంటే సరిపోయేది. ఆ మాటకు నా నోరు ఎప్పుడూ అలవాటుపడలేదు.

"దాందేముందమ్మా! మన రైలు మాదిరే. ముందే ఎక్కి సీట్లో సంచి పెట్టేయాల. దిగి నిదానంగా కాఫీ తాగాల. సంచి ఉండే సీటును ఎవురూ తాకరు."

"టికెట్లో నంబరు ఉంటాది కదా సార్?"

"నంబరును నమ్ముకున్నోళ్లు నిలబడి పోతారు, సంచిని నమ్ముకున్నోళ్లు కూర్చుని పోతారు. యాడైనా రైలు రైలే!"

అందరూ రాసుకున్నారు. నేను మఫ్లరు సర్దుకున్నాను.

కొన్నాళ్లకు శైలజను వాళ్ల కంపెనీ నిజంగానే లియోన్‌కు ట్రైనింగుకు పంపింది. శెట్టిగారు నా దగ్గరికొచ్చి, "ఒంటిగా పోతా ఉండాది సార్, ఏమీ భయం లేదు కదా?" అన్నారు.

"నా క్లాసు పిల్ల! కళ్లు మూసుకుని పంపండి" అన్నాను. పాపం, ఆయన మూసుకున్నారు.

పారిస్ స్టేషన్ నుంచి ఫోనొచ్చింది.

"సార్, మీరు చెప్పినట్లే సీట్లో సంచి పెట్టి కాఫీకి దిగినాను. మైకులో ఏందో చెప్తా ఉండారు. సంచి అన్నారు, నీలం రంగన్నారు, ఎవురిదో వాళ్లను రమ్మన్నారు. జన్మలో మొదటిసారి ఒక ఫ్రెంచి వాక్యం మొత్తం అర్థమయింది సార్!"

"శభాష్! దేన్ని గురించమ్మా?"

"నా సంచి గురించే సార్."

మనవాళ్లు సంచి కనబడితే సీటు నిండిందనుకుంటారు. అక్కడివాళ్లు మనిషి లేని సంచి కనబడితే బాంబనుకుంటారు. రైలుపెట్టె మొత్తం ఖాళీ చేయించారు. సంచిలో పాత చీరగుడ్డ మూట, దాని మీద నైలాన్ తాడు, దానికి వాళ్లమ్మ వేసిన ముళ్లు. లోపల చట్నీపొడి డబ్బా ఉందని పోలీసులకు ఎలా తెలుస్తుంది? ముందుగా తెలుసుకున్నది కుక్క.

పోలీసులు శైలజను వదిలేసరికి, ఆగిన రైలు పోయింది. ట్రైనింగు మొదటిరోజు పోయింది. మేనేజరు చేత చీవాట్లు తిని, ఎలాగో మిగతా రోజులు ముగించుకుని పిల్ల ఇంటికొచ్చింది. పరామర్శకని కొట్టుకు వెళ్లాను. గిరాకీలందరి ముందూ శెట్టిగారు కూతుర్ని దులిపేస్తున్నారు.

"సార్ అంత వివరంగా నేర్పిస్తే, సంచిని వదిలేసి కాఫీకి పోతావా? చెప్పండి సార్, మీరు ఇట్లనా నేర్పించినారు?"

శైలజ నావైపు చూసింది. నా నోట్లో శెట్టిగారు తినమని పెట్టిన కరకరలాడే నిప్పట్టు ఉంది.

"చిన్నపిల్ల కదండీ, మరిచిపోయుంటుంది" అన్నాను.

నిప్పట్టు అరిగింది. ఆ మాట అరగలేదు.

మొన్నీమధ్య కంపెనీవాళ్లు ఆమెను మళ్లీ పిలిచారు. ఈసారి ఏడాది ఉద్యోగం. శెట్టిగారు ససేమిరా అన్నారట. "సంచి చూసుకోలేనిది సంవత్సరం ఎట్ల చూసుకుంటాది?" అని. రైల్లో కనబడినప్పుడు శైలజే చెప్పింది.

"మీ నాన్నకు నిజం చెప్పేయకూడదా అమ్మా?"

"వద్దులెండి సార్. మీ క్లాసుకు ఇంగెవురూ రారు."

ఆ పిల్ల నన్ను తిట్టి ఉంటే హాయిగా కూర్చునేవాణ్ణి. ఆ మాటకు మాత్రం సంచి పెట్టి పట్టుకున్న సీట్లో కూడా కూర్చోలేకపోయాను.

ఆ సాయంత్రమే ఆమె వెంట కొట్టుకు వెళ్లి, "శెట్టిగారూ, సంచి పెట్టి దిగమన్నది నేనే. నేను ఫ్రాన్సు చూడనే లేదు" అన్నాను.

బెల్లం తూస్తున్న చెయ్యి ఆగింది. "ఇంగ ఆ మఫ్లరు?"

"చింతామణి సంతలో కొన్నది."

"ఏమప్పా, ఆ పొద్దే ఏల చెప్పలేదు?"

"నోట్లో నిప్పట్టు ఉండింది."

"ఇప్పుడు లేదు కదా! నాకు కాదు, బిడ్డకు చెప్పండి. ఊరందరి ముందర తిట్టినాను, ఊరందరి ముందర చెప్పండి." కూతురివైపు తిరిగి గొంతు తగ్గించారు. "నువ్వు పోయి ఆ పాస్‌పోర్టు వెతుక్కోమ్మా."

శైలజ కదల్లేదు. బెల్లానికి వచ్చినవాళ్లూ కదల్లేదు. మెడలోని మఫ్లరు తీసి చేత్తో పట్టుకుని, చూడని ఊరికి ఈ జన్మలో దారి చెప్పనని, చూసిన ఊళ్లో కూడా ఎవరి సంచి జోలికీ పోనని ఆ పప్పుల బస్తాల సాక్షిగా ప్రమాణం చేసి, అసలు మాటను మెల్లగా గొణిగాను.

"మైకులో మాదిరి చెప్పండి సార్" అంది శైలజ, నవ్వాపుకుంటూ. "వెనక ఉండేవాళ్లకు అర్థం కావద్దా?"

గొంతెత్తాను. "సంచి పెట్టమన్నది నేను, తిట్లు తిన్నది నువ్వు. తప్పు నాదమ్మా శైలజా, మన్నించు."