మునెప్ప మామను అడగని లెక్కలు

ఆ మధ్యాహ్నం పోయినవి ఇవి. మామిడి కొమ్మల మీది తేనెపట్లు మూడు. కాలువలో కప్పలు, నాకు కనబడినంతవరకు పద్నాలుగు. మునెప్ప మామ కుడిచేతి పట్టు, రెండు పాదాల్లో స్పర్శ. రెండో ఎక్కం మొదలు పంతొమ్మిదో ఎక్కం దాకా ఆయనకు నోటికి వచ్చిన ఎక్కాలన్నీ, అంటే పద్దెనిమిది. ఈ ఉదయం చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో వస్తుంటే, పూతకొచ్చిన తోటల మీదుగా కిటికీలోంచి మందు వాసన కొట్టింది. కుళ్లిన వెల్లుల్లిలాంటి ఆ వాసన తగిలితే చాలు, నా పెదవులు వాటంతట అవే కూడికలు మొదలుపెడతాయి. పక్క సీటాయన నేనేదో మంత్రం చదువుతున్నాననుకొని కాస్త జరిగి కూర్చున్నాడు.

మునెప్ప మామ మా ఊరి మామిడి తోటల్లో మందు కొట్టే జట్టుకు మేస్త్రి. నాకు బంధువేమీ కాదు, జట్టులో అందరూ ఆయనను మామా అనేవారు. సంతకం రాదు గానీ తోట గట్టు మీద ఒకసారి నడిచి వచ్చి ఎన్ని చెట్లున్నాయో, ఎన్ని డ్రమ్ముల మందు పడుతుందో చెప్పేవాడు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఇరవై మూడో ఏట ఆయన జట్టులో చేరాను. పెద్ద డ్రమ్ములో ఆయన మందు కలిపేవాడు. ఇంజను దాన్ని పైపుల్లోకి తోస్తే మేం నలుగురం చెట్ల తలల మీదికి కొట్టేవాళ్లం. కాసేపటికి తోటంతా తెల్లటి తుంపర కమ్ముకొని పక్కనున్న మనిషి కూడా కనబడేవాడు కాదు.

డ్రమ్ము అయిపోగానే ఇంజను ఆగేది. ఆ తర్వాత ఉండే నిశ్శబ్దాన్ని నేను మరెక్కడా వినలేదు. పిట్ట కూయదు, ఈగ ముసరదు. ఆ తెల్లదనంలోంచి మామ గొంతు ఒక్కటే వచ్చేది.

“గోపాలా, పదిహేడూ ఎనిమిదీ?”

“ఇరవై అయిదు మామా!” అనేవాణ్ని నేను.

“దొరసామీ, ఆరు తొమ్మిదులు?”

ప్రతి డ్రమ్ముకూ ప్రతివాడికీ ఒక లెక్క. జవాబు సరిగా చెప్పినవాడికే మళ్లీ పైపు. మొదట్లో నేనిది ముసలాయన వేడుక అనుకున్నాను. ఒకరోజు దొరసామి ఆలస్యం చేశాడు. “యాబై... యాబై...” అని తుంపరలోంచి రెండుసార్లు వినిపించి ఆగిపోయింది. మామ పరుగున వెళ్లి, వాణ్ని చెయ్యి పట్టి గట్టు మీదికి లాక్కొచ్చి, చొక్కా విప్పించి సబ్బుతో తోమసాగాడు.

“ఇడువు మామా! నాకేమైంది? పెండ్లికొడుకును సేస్తా ఉండావా?” అని దొరసామి నవ్వుతూనే ఉన్నాడు. నవ్వు ముగియకముందే వాంతి చేసుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెళితే రెండో రోజుకు లేచి కూర్చున్నాడు.

“మందు ఒంట్లోకి పోతే ముందు పొయ్యేది లెక్కప్పా,” అన్నాడు మామ ఆ సాయంత్రం నాతో. “వాంతి దాని ఎనకాల వస్తాది. ఎవుడెంత బిరీన సెప్తాడో నాకు ఎరికే. రోజూ సెప్పేదాని కంటే నెమ్మదైతే, వాడు ఆడ లేనట్టే.”

“మరి నిన్నెవరు అడగాల మామా?”

“నువ్వే. కష్టమైనవి అడుగు, సిగ్గుపడబాక.”

ఆయనను అడగాలంటే ముందు నాకు జవాబు తెలియాలి కదా. అందుకని ఇంట్లో కూర్చొని ఎక్కాలు బట్టీపట్టాను. భిన్నాలు, శాతాలు నాకు నేనే నేర్చుకున్నాను. ఈరోజు నాకున్న లెక్కలన్నీ ఆయనను పరీక్షించడానికి నేర్చుకున్నవే.

ఆ రోజు ఉదయం ఏడింటికి మొదలుపెట్టాం. డ్రమ్ముకు ముప్పై అయిదు నిమిషాలు. ఐదు డ్రమ్ముల దాకా ఆయనను ఐదు లెక్కలు అడిగాను, ఐదింటికీ టక్కున చెప్పాడు. ఆరో డ్రమ్ముకు మందు పోస్తుండగా డబ్బా జారి, చిక్కటి మందు ఆయన చొక్కా మీద ఒలికింది. నేను చూశాను. అదే సమయానికి తోట యజమాని ఇంటి ఆడవాళ్లతో కారు దిగాడు.

“చొక్కా ఇప్పు మామా,” అన్నాను మెల్లగా.

“ఆడోళ్ల ముందర యాడ ఇప్పేది? ఆరిపోతాదిలే, పో.”

పదిన్నరకు ఆరో డ్రమ్ము అయిపోయింది. యజమాని పక్కనే నిలబడి ఉన్నాడు. అంతమంది ముందు, నా తండ్రి వయసున్న మేస్త్రిని చిన్నపిల్లవాడిలా ఎక్కం అడగడానికి నాకు నోరు రాలేదు. ఏడో డ్రమ్ముకూ అడగలేదు. ఎనిమిదికీ అడగలేదు, తొమ్మిదికీ అడగలేదు. ఆయన మాత్రం మా నలుగురినీ అడుగుతూనే ఉన్నాడు. తొమ్మిదో డ్రమ్ముకు నన్ను పదిహేడూ ఎనిమిదీ ఎంతని అడిగాడు. చెప్పాను. మళ్లీ అదే అడిగాడు. మళ్లీ చెప్పాను.

పన్నెండున్నరకు, పదో డ్రమ్ము సగంలో ఇంజను దానంతట అదే ఆగినట్టు ఆగింది. ఆపింది ఆయనే. తుంపర తొలగాక చూస్తే డ్రమ్ము అంచు పట్టుకొని నిలబడి ఉన్నాడు. నెత్తిన ఎండ మండుతోంది. నోటి నుంచి చొంగ కారుతోంది. చెంప కింద చర్మం, లోపల ఏదో పాకుతున్నట్టు అదురుతోంది.

“దీపం పెట్టండప్పా,” అన్నాడు. “ఇంత బిరీన పొద్దు గూకిందేంది?”

తిరుపతి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన కళ్లలోకి టార్చి వేసి నన్ను కూడా చూడమంది. కనుపాపలు ఆవగింజలంత అయిపోయాయి. వెలుగు లోపలికి వెళ్లే దారి మూసుకుపోతే మిట్టమధ్యాహ్నమైనా చీకటేనని చెప్పింది. చొక్కాను కత్తిరించి తీసేస్తూ, “ఇది ఎంతసేపటి నుంచి ఒంటి మీద ఉంది?” అని అడిగింది.

“రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు. కంగారులో విప్పించలేదు, ఇక్కడికి వచ్చేవరకు ఇంకో యాభై.”

“అంత కచ్చితంగా ఎట్లా తెలుసు నీకు?”

“డ్రమ్ములు లెక్కపెట్టానమ్మా,” అన్నాను.

మామ బతికాడు. ఇంకా ఆరేళ్లు బతికాడు. పట్టపగలు అరుగు మీద కూర్చొని దీపం పెట్టమని కోడలిని అడిగేవాడు. ఒకసారి నేను వెళ్లినప్పుడు నా వైపు కాక, నా పక్కనున్న ఖాళీ చోటువైపు చూస్తూ, “డ్రమ్ము అయిపాయనే, లెక్క అడగవేమప్పా?” అన్నాడు. “రెండూ రెండూ ఎంత మామా?” అన్నాను. ఆయన ఆ ఖాళీ చోటును, వాకిలిని, ఎదుటి గోడను వేలితో లెక్కపెట్టుకుంటూ పోయి, చివరికి “శానా మంది ఉండారు,” అన్నాడు.

ఇప్పుడు ఆ జట్టుకు నేనే మేస్త్రిని. చేతి తొడుగులు, ముఖానికి మాస్కు, గట్టు మీద రెండు బిందెల నీళ్లు, సబ్బు, మార్చుకోవడానికి చొక్కాలు లేనిదే డబ్బా మూత తీయనివ్వను. డ్రమ్ముకొక లెక్క మాత్రం మానలేదు. నన్ను అడిగేది దొరసామి కూతురు సరళ. యజమాని ఉన్నా, ఊరంతా ఉన్నా గొంతెత్తి అడగాలని ఆమెతో ఒట్టు వేయించుకున్నాను. మొన్న ఇంజను ఆగాక ఆమె గొంతు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. తుంపరలో నాతో సహా అందరి లెక్కలూ అయిపోయాయి. అయినా ఇంకెవరో తన వంతు కోసం ఊపిరి బిగబట్టి ఆగినట్టు అనిపించింది. ఆరో డ్రమ్ముకు ఒకటి, ఏడుకు ఒకటి, ఎనిమిదికి ఒకటి, తొమ్మిదికి ఒకటి. నేను ఆయనకు ఇంకా బాకీ పడి ఉన్నవి నాలుగు.