ఇంజను ఆపకుండా తిన్న బువ్వ

ఆ వ్యానులో ఉన్న రోజుల్లో నేను కూర్చుని తిన్న పూటలు చాలా తక్కువ. వెనక తలుపు పైకెత్తి, దాని నీడలో నిలబడి, ఎడమ చేత్తో పళ్ళెం పట్టుకుని నాలుగు ముద్దలు మింగేదాన్ని. తింటున్నంతసేపూ ఇంజను ఆడుతూనే ఉండేది. స్టార్టరు పాడైంది మరి. బండి ఒకసారి ఆపితే ఎవరైనా తోస్తే తప్ప మళ్ళీ కదలదు. రాత్రి పడుకోవడానికి మాత్రం, పొద్దున తోసే మనుషులున్న ఊళ్ళోనే ఆపేదాన్ని. బాగు చేయించుకోవచ్చు కదా అని అందరూ అడిగారు. చిట్యాలలో మెకానిక్ రెండు రోజులు బండి వదిలి పొమ్మన్నాడు. రెండు రోజులు ఒక్కచోట ఉండమంటే నాకు ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టు ఉంటుంది. వదల్లేదు.

నా తీరు మొదటి నుంచీ అంతే. నల్గొండలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పాను, మానేశాను. ఒక కిరాయి ఇంట్లో సామాను సర్దడం పూర్తికాకముందే ఇంకో ఇల్లు వెతకడం మొదలుపెట్టేదాన్ని. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళు కూడా కొన్నాళ్ళకు విసిగి ఊరుకున్నారు. చివరికి, ఒకప్పుడు బడి పిల్లల్ని మోసిన పాత పసుపు వ్యాను కొన్నాను. సీట్లు పీకించి ఒక పక్క మంచం, ఒక పక్క పుస్తకాల అరలు వేయించాను. ఊళ్ళలో బడుల ముందూ, వారం అంగళ్ళలోనూ పిల్లల పుస్తకాలు అమ్మడం పని. ఇల్లూ అదే, దుకాణమూ అదే. తెలంగాణ వచ్చాక రోడ్లు బాగుపడ్డాయి, నాకు తిరగడానికి ఇంకో సాకు దొరికింది.

బాపు, అంటే మా నాన్న, ఆ వ్యాను ఎక్కింది తిండి మానేసినందువల్ల.

ఆయన బతుకంతా గొర్రెలు కాచినవాడు. మోకాళ్ళు అరిగి నడవలేని స్థితి వచ్చేసరికి మా అన్న మందను అమ్మేశాడు. ఆ తర్వాత ఇంట్లో బాపు పళ్ళెం ముందు కూర్చునేవాడు గానీ తినేవాడు కాదు. వదిన మంచి మనిషి, అందరికంటే ముందు ఆయనకే వడ్డించేది. "అందరు రానీయ్" అని ఆయన పళ్ళెం పక్కకు జరిపేవాడు. అందరూ ఎక్కడ వస్తారు? పిల్లలు టీవీ ముందు తినేవాళ్ళు, అన్న చేను నుంచి ఏ పొద్దుకో వచ్చేవాడు, వదిన వంటింట్లో ఎప్పుడు తినేదో ఎవరికీ తెలియదు. అన్నం చల్లారిపోయేది. ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేవాడు. దవాఖానలో అన్ని పరీక్షలూ చేసి కడుపులో ఏ జబ్బూ లేదన్నారు. కానీ ఇట్లాగే తినకుండా ఉంటే మనిషి దక్కడని డాక్టరు అన్నను పక్కకు పిలిచి చెప్పాడు.

నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు బాపు చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"కొన్నొద్దులు నేను తిప్పుకొస్త. గాలి మారితే తింటడేమో," అన్నాను అన్నతో.

"నువ్వే సక్కగ తినవు. నువ్వు బాపుకు తినిపిస్తవా?" అని నవ్వాడు అన్న.

ఒంటికాలి మీద లేచాను. ఆ సాయంత్రమే బాపును ముందు సీట్లో కూర్చోబెట్టాను. నవ్విన అన్నే పక్కింటివాళ్ళను పిలిచి బండి తోయించాడు.

వంట పని బాపు తన మీద వేసుకున్నాడు. నా చిన్న గ్యాసు పొయ్యిని మొదటి రోజే అవతలకు నెట్టేశాడు. "గీ మంటకు వాసనే లేదు. బువ్వకేం రుచొస్తది?" అన్నాడు. మూడు రాళ్ళు పెట్టి, కింద కంది కట్టె, పైన తుమ్మ కట్టె పేర్చేవాడు. సిల్వరు గిన్నెలో ఎసరు మరిగాక జొన్న రవ్వ పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ గటక వండేవాడు. అందులోకి చల్ల దొరికితే చల్ల, లేకపోతే పచ్చిపులుసు. దానికి పొయ్యితో పని లేదు. చింతపండు పిసికిన నీళ్ళు, ఉల్లిగడ్డ ముక్కలు, నిప్పుల మీద కాల్చి నలిపిన మిరపకాయ, ఉప్పు, అంతే. తోవలో ఏ చేను గట్టునో గంగవాయిలి కూరాకు కనబడితే కర్రతో చూపించేవాడు, నేను దిగి గిల్లుకొచ్చేదాన్ని. పల్లికాయ పీకే చోట ఆగితే కూలీలు దోసిట్లో పోసేవాళ్ళు, పొయ్యి బూడిదలో కాల్చుకునేవాళ్ళం. ఉప్పు మీద మాత్రం మా ఇద్దరికీ రోజూ పంచాయితీ. ఆయనకు ఎప్పుడూ తక్కువే, నాకు ఎప్పుడూ ఎక్కువే.

వండినంతసేపూ బాపు ముఖంలో కళ ఉండేది. నాకు పెట్టి, తనకు పెట్టుకుని, పళ్ళెం ముందు కూర్చునేవాడు. నేను నిలబడి తింటూనే రేపటి బడి సారుతో ఫోనులో మాట్లాడేదాన్ని. టైర్లను కాలితో తన్ని చూసేదాన్ని. వచ్చిన తోవ బాగుందా, పోవలసిన తోవ బాగుందా అని ఆలోచించుకుంటూ వ్యాను చుట్టూ తిరిగేదాన్ని. తిరిగి వచ్చేసరికి ఆయన పళ్ళెంలో గటక గడ్డకట్టి ఉండేది.

"ఆకలైతలేదు బిడ్డా. ఇగ పోదాం పా," అనేవాడు.

పోయేవాళ్ళం. నా భయం నా కంటే ముందు పరుగెత్తేది. ఈ ఊళ్ళో తినకపోతే పై ఊళ్ళో తింటాడు అనుకునేదాన్ని. ఇడ్లీలు తెచ్చాను, బత్తాయిలు తెచ్చాను, సర్వపిండి చేయించుకొచ్చాను. అన్నీ కాస్త కొరికి వదిలేశాడు.

దేవరకొండ దిక్కు పోతుండగా ఒక సాయంత్రం, పంట తీసిన చేనులో గొర్రెల మంద దిగుతూ కనిపించింది. ఎరువు కోసం రైతులు అట్లా తమ చేలల్లో మందను రాత్రి పండబెట్టించుకుంటారు. బాపు కర్రతో సీటు మీద కొట్టాడు. ఆపాను. ఇంజను చప్పుడుకు గొర్రెలు బెదురుతున్నాయని కాపరి కేకేశాడు. పొద్దున తోయడానికి వీళ్ళున్నారు కదా అని ధైర్యం చేసి తాళం తిప్పేశాను.

ఆ కాపరి భార్య పొయ్యి మీద నుంచి గిన్నె దించి మూత పెట్టింది. ఎవరికీ వడ్డించలేదు. నా చిన్నప్పుడు బాపు మంద దగ్గరా ఇదే పద్ధతి. మంద మొత్తం పండాలి, అంటే పడుకోవాలి. చిట్టచివరి గొర్రె కాళ్ళు ముడుచుకుని నెమరు మొదలుపెట్టాకే మనుషులు మూత తీస్తారు. నిలబడి ఉన్న గొర్రె ఒక్కటున్నా ఎవరూ ముద్ద ముట్టరు. నేను ఎప్పటిలాగే పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టి కిందికి గుంజింది.

"కూసో చెల్లె. మన్నైతే దులుపుకుంటవు, గంతే గద," అంది.

కూర్చున్నాను. జొన్న రొట్టె, ఎర్ర కారం, చల్ల. ఆమె మాటల్లో పడి నేను లేవడం మరిచిపోయాను. ఇటు తిరిగి చూస్తే బాపు మూడో రొట్టె తుంచుతున్నాడు.

ఇంకేం, రోగం దొరికింది అనుకున్నాను. ఆయనకు గొర్రెలు కావాలి. గొర్రెల పక్కన అయితేనే ఆయన కడుపు తెరుచుకుంటుంది. అప్పటి నుంచి పుస్తకాలు అటకెక్కాయి. టీ కొట్ల దగ్గర ఆగి "మంద ఎటు పోయింది" అని అడిగేదాన్ని. రోడ్డు మీద పెంటికలు కనిపిస్తే బండి తిప్పేదాన్ని. కల్వకుర్తి దిక్కున, జడ్చర్ల దిక్కున, గుట్టల వెనక బండ్ల బాటల్లో మందలను వెంబడించాను. గొర్రెలున్న చోటల్లా ఇంజను ఆపేదాన్ని. కాపరులు కూర్చోమంటే కూర్చునేదాన్ని. బాపు తినేవాడు. ఆయన బుగ్గలు కాస్త నిండాయని అన్నకు ఫోటో పంపి గొప్పలు పోయాను.

ఒక్క చోట మాత్రం నా లెక్క తప్పింది. పక్కనే పెద్ద మంద, అయినా బాపు తినలేదు. ఆ పూట ఒక బడివాళ్ళు పుస్తకాలు వద్దన్నారని ఫోనులో గొడవపడుతూ నేను చేను గట్ల మీద ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాను. జొన్నలు పాతవేమో, అందుకే తినలేదని సర్దిచెప్పుకున్నాను.

ఎండలు ముదిరాయి. గడ్డి ఎండిపోయి మందలన్నీ కాలువల కింద వరి కోసిన మళ్ళ దిక్కు దిగిపోయాయి. కొత్తకోట దాటి ఒక గుట్ట పక్కన ఆగాం. కనుచూపు మేర ఒక్క గొర్రె లేదు. మునుపటి రోజు బాపు చల్ల తప్ప ఏమీ ముట్టలేదు. ఆ రోజు పొద్దున అదీ వద్దన్నాడు. సాయంత్రం ఆయన పొయ్యి రాజేస్తుంటే నేను తెలిసిన కాపరులందరికీ ఫోన్లు చేశాను. ఏటి ఒడ్డున ఒక మంద ఉందని తెలిసింది. ఇంజను ఆడుతూనే ఉంది. నేను డ్రైవరు సీటులోకి ఎక్కి హారను కొట్టాను.

"బాపూ, లే. గొర్లు యాడున్నయో తెలిసింది. పొద్దుగూకేలోపు చేరుకుందాం."

ఆయన గిన్నె దించి మూత పెట్టాడు. లేవలేదు.

"గిప్పుడు గొర్లతోని నాకేం పని?"

"గొర్లుంటెనే తింటున్నవ్ గద! నీ కోసమే గద నేను గిట్ల ఊరూరు తిరిగేది!" నా గొంతు నాకే కీచుగా వినబడింది. "తినకపోతే నువ్వు చచ్చిపోతవ్ బాపూ. నాకు భయమైతాంది."

ఆయన నవ్వాడు. అన్న ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ నవ్వు చూడలేదు నేను.

"గొర్లను జూసి తిన్ననా నేను? గాడ నువ్వు కూసున్నవ్ బిడ్డా, గందుకే తిన్న. మంద పండక ముందు నాకు బువ్వ దిగదు, గది నా అలవాటు. ఇప్పుడు నాకున్న మంద నువ్వే. నువ్వు నిలవడి తింటవ్, తిరుక్కుంట తింటవ్, బండి గుర్రుగుర్రుమంటనే ఉంటది. నేనెట్ల తినాలె?"

"మరి గా మాట ముందే చెప్పొద్దా?"

"గొర్రెకు ఎవలన్న చెప్తరా, పండు అని? అదే పంటది. చూసుకుంట కూసోవాలె."

కోపం వచ్చింది. ఇన్ని తోవలు తిరిగాను, ఇంత డీజిలు తగలబెట్టాను, ఒక్క మాట చెబితే ఏం పోయింది ఈయనకు అనుకున్నాను. ఆ కోపం వెనకే కన్నీళ్ళు వచ్చాయి. స్టీరింగు పట్టుకుని బయటికి చూశాను. చుట్టూ మనిషన్నవాడు లేడు. ఇక్కడ బండి ఆపితే పొద్దున తోసేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? బాపు మోకాళ్ళతో తోయలేడు. ఎవరైనా ఈ దారిన వచ్చేదాకా మేమిద్దరం ఇక్కడే ఉండాలి. కాళ్ళు అప్పుడే దురదపెడుతున్నాయి.

తాళం తిప్పాను. ఇంజను ఒకసారి కొట్టుకుని ఆగిపోయింది. ఆ తర్వాత నిప్పుల్లో కట్టె చిటపటలు వినిపించాయి. దిగి వచ్చి, పొయ్యి పక్కన మట్టిలో మఠం వేసుకుని కూర్చున్నాను. ఫోను ఎక్కడ పెట్టాలో తెలియక ఒక రాయి కింద పెట్టాను.

బాపు మూత తీయలేదు. నా కాళ్ళ వైపు చూస్తూ కాసేపు కూర్చున్నాడు. నేను కదల్లేదు. అప్పుడు గటక రెండు పళ్ళేల్లో పెట్టి, పచ్చిపులుసు పోశాడు. నేను ఒక ముద్ద తిన్నాను. రెండో ముద్ద కలిపాక ఆయన తన పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు, నోటి నిండా గటక పెట్టుకుని.