వరిగల కుండ

నా చిన్నప్పుడు తలూపడంలో మా ఊరి మొత్తంలో నన్ను మించినవాళ్లు లేరు. పెద్దవాళ్లు ఏం చెప్పినా, అర్థమైనా కాకపోయినా, నా తలకాయ దానంతట అదే కిందికీ పైకీ ఊగేది. ఆ గుణం వల్ల నాకు మంచి పిల్లనని పేరు వచ్చింది. ఆ పాపను చూసి బుద్ధి తెచ్చుకోండని మా వీధిలో మిగతా పిల్లలకు చీవాట్లు పెట్టేవాళ్లు. ఆ మంచి పేరే చివరికి నా కొంప ముంచబోయింది.

మాది రాజుపాలెం పక్కన నల్లరేగడి నేలల పల్లె. పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఇంటర్‌కు రోజూ బస్సెక్కి ప్రొద్దుటూరు పోయేదాన్ని. అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులో. ఫిజిక్సు చెప్పే మాస్టారు బోర్డు నిండా రాసి, మా వైపు తిరిగి, అర్థమైందా అని అడిగేవారు. నేను మొదటి బెంచీలో కూర్చుని గంగిరెద్దులా తలూపేదాన్ని. ఆయన మంచి మనిషి. ఒక్కసారి కాలేదని చెప్పి ఉంటే తెలుగులో మళ్లీ చెప్పేవారేమో. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, నేను అడగలేదు, ఆయన పెట్టలేదు. రెండేళ్లు అలాగే గడిచిపోయాయి.

నాకు ఒక కోరిక ఉండేది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా పత్తి చేనులో ఆకులన్నీ ముడుచుకుపోతే, జీపులో ఒక వ్యవసాయ అధికారి వచ్చాడు. గట్టు మీద నిలబడి మాట్లాడి వెళ్లిపోతాడనుకున్నాం. ఆయన బురదలో గొంతుక్కూర్చుని, ఒక్కో ఆకునూ తిప్పి, అడుగుభాగం చూశాడు. పంతొమ్మిదేళ్ల నుంచీ సేద్యం చేస్తున్న మా నాయన కూడా ఆకుల్ని పైనుంచే చూసేవాడు. ఆ రోజు నుంచీ నాకు వ్యవసాయ కాలేజీలో చదవాలని పట్టుకుంది. మా ఊళ్లో ఆడపిల్ల ఆ చదువు చదవడం అప్పటికి ఎవరూ విననిది.

ఇంటర్ ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను. కానీ ఆ సీటుకు కావలసిన మార్కులు రాలేదు. ఫిజిక్సు దగ్గరే దెబ్బ పడింది. మా నాయన కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ బాధ. రెండు రోజులు చూసి, ప్రొద్దుటూరులో టైపు నేర్చుకో, ఏదన్నా ఆఫీసులో పని దొరుకుతుందిలే అన్నాడు. నేను దానికీ తలూపాను. లోపల ఏడుస్తున్నానని ఆయనకు ఎలా తెలుస్తుంది!

దారి చూపించింది విత్తనాల అంగడి చాచా. ప్రొద్దుటూరులో మా నాయన ఎప్పుడూ పత్తి గింజలు కొనేది ఆయన దగ్గరే. సంగతి విని ఆయన, "రైతుబిడ్డలకు వేరేగా కొన్ని సీట్లు ఉంటాయంట అప్పా. వాటికి మార్కులొకటే చూడరంట. గింజలు, ఆకులు ముందర పెట్టి ఇదేంది, అదేంది అని అడుగుతారంట. మన పాపకు తెలీకపోతే ఇంగెవరికి తెలుస్తాది?" అన్నాడు. మా నాయన కనుక్కుంటే నిజమే. పరీక్ష తిరుపతిలో, ఇంక పదిహేను రోజులే ఉంది. చాచా పొంగిపోయి, తన అంగడిలో చీటీలు అంటించిన విత్తనాల సీసాలు ఒక పెట్టె నిండా ఇచ్చి పంపాడు.

అసలు కథ ఇక్కడే ఉంది. రైతుబిడ్డనే కానీ, నాకు గింజలు తెలియవు. బడి, బస్సు, పుస్తకాలు తప్ప చేను ఎరగను. రెండు రోజులు ఆ సీసాలు ముందేసుకుని బట్టీ పట్టాను. మూడో రోజు మా జేజి, అంటే మా నాయనమ్మ, వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు అప్పటికే కండ్లకు పొర కమ్మి సరిగా కనపడేది కాదు. సీసాలు ఒకదానికొకటి తగిలి టంగుటంగుమంటుంటే విని, అవి ఏందని అడిగింది. చెప్పాను. చీటీల సంగతి కూడా చెప్పాను.

"చీటీ చూసి పేరు చెప్పేదానికి గింజ ఎందుకు మే? పరీక్షలో చీటీలు పెడ్తారా?" అంది.

సీసాలు పెట్టెలోకి పోయాయి.

మా ఇంట్లో విత్తనాలకు యజమాని మా జేజి. నడవలో గోడ పొడుగునా కుండలు ఉండేవి. ప్రతి కుండలోనూ ఒక్కో రకం విత్తనం, పురుగు పట్టకుండా బూడిదా వేపాకూ కలిపి, మూతికి గుడ్డ కట్టి పెట్టేది. జేజికి అక్షరం ముక్క రాదు. అందుకని ఆ గుడ్డ కొసలో అదే రకం గింజలు నాలుగు వేసి చిన్న ముడి వేసేది. ఆ ముడిని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి ఒక్కసారి నలిపితే చాలు, లోపల ఏముందో ఆమెకు తెలిసిపోయేది. చీకటి నడవలో కుండల మధ్య మమ్మల్ని మించి చురుగ్గా తిరిగేది. చిన్నప్పటి నుంచీ ఆ ముడులు చూస్తూనే ఉన్నాను, ఒక్కనాడూ పట్టుకుని చూడలేదు.

ఆ రోజు నుంచీ నన్ను కండ్లు మూసుకోమని కుండల మధ్య తిప్పడం మొదలుపెట్టింది. సజ్జలు, కొర్రలు, వరిగలు, ఉలవలు, అలసందలు, అనుములు, ఆముదాలు, కుసుమలు, ధనియాలు. మొదట్లో గుడ్డ మీద నుంచి అన్నీ ఒకేలా అనిపించేవి. నాలుగు రోజులకు కొంచెం కొంచెం తేడా తెలిసింది. ఉలవ పలకగా ఉంటుంది, ధనియం డొల్లగా ఉండి నొక్కితే విరిగేలా అనిపిస్తుంది, కుసుమకు ఒక కొస సన్నం. పేరు తప్పు చెబితే జేజి విసుక్కునేది కాదు, మళ్లీ పట్టుకోమనేది. నేను అన్నింటికీ తలూపేదాన్ని. కండ్లు కనపడకపోయినా, నేను తలూపుతున్నానని ఆమెకు నా జుంకాల గలగలలో తెలిసేదో, నా జడ చప్పుడులో తెలిసేదో, ఇప్పటికీ నాకు అంతు చిక్కదు.

ఒక రాత్రి మంచి వాన పడింది. తెల్లవారి మా నాయన, కూలివాళ్లు కొర్రలు విత్తడానికి చేనికి పోయారు. పొద్దు బాగా ఎక్కాక జేజి నన్ను పిలిచి, మూలనున్న కుండ ముడి పట్టుకోమంది. పట్టుకున్నాను.

"కొర్రలే గదా అవి?"

నా వేళ్లకు గింజ కొంచెం లావుగా తగిలింది. కొర్ర ఇంత లావు ఉండదే అని అనిపించింది కూడా. కానీ అడిగింది జేజి. నలభై ఏళ్లుగా ఆ కుండలు చూసుకుంటున్న మనిషి. నా తలకాయ ఊగిపోయింది.

"కొర్రలే జేజీ" అన్నాను.

"అయితే ఎత్తుకోని పో. మీ నాయనకు విత్తనం చాలకపోతే ఎట్ల? పదును ఆరిపోతాంది, బిరీన పో."

మా చేను ఊరికి మైలున్నర. కుండ నెత్తిన పెట్టుకుని బయలుదేరాను. వాన వెలిసిన తర్వాతి ఎండ, కాళ్లకు రేగడి మట్టి అంటుకుని చెప్పులు అడుగడుక్కీ బరువెక్కుతున్నాయి. సగం దారిలో ఒక తుమ్మచెట్టు కింద కుండ దించి, గుడ్డ విప్పి, లోపల చెయ్యి పెట్టాను. గింజలు నున్నగా వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి. కొర్రలు కావు. అక్కడే నాకు ఖాయంగా తెలిసిపోయింది. వెనక్కి తిరిగి ఉండొచ్చు. తిరగలేదు. కొర్రలని నోటితో అన్నాను కదా, ఇప్పుడు కాదని ఏ మొహం పెట్టుకుని చెప్పడం అనుకున్నాను. మళ్లీ గుడ్డ కట్టి, కుండ నెత్తికెత్తుకుని, తప్పని తెలిసి తెలిసి ముందుకే నడిచాను. ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు నవ్వూ వస్తుంది, జాలీ వస్తుంది.

చేనికాడ మా నాయన విత్తనం వేసే గొర్రు ఆపి, కుండలో చెయ్యి పెట్టి, పిడికిలి తీసి చూసుకున్నాడు.

"ఇవి వరిగలు గదమ్మా! కొర్రలు పొద్దున్నే మీ జేజి పంపిచ్చె గదా, అయిపోవస్తాండాయి. ఇవి ఎవరు తెమ్మనిరి?"

కూలివాళ్లు ఒకటే నవ్వు. ఒకామె, పాప పరీక్షకు బాగా తయారవుతాందప్పా అని ఇంకో మాట వేసింది. నాకు ఆ రేగడి పగుళ్లలో దూరిపోతే బాగుండుననిపించింది. అదే కుండ, అదే బరువు, అదే మైలున్నర మళ్లీ వెనక్కి.

జేజి గడపలో కూర్చుని నా కోసమే చూస్తోంది. కుండ దించి, నా జీవితంలో మొదటిసారి ఆమె మీద అరిచాను. నువ్వే కదా కొర్రలన్నది, నీకు తెలిసే చేసినావు అన్నాను. తెలిసే చేసినానని ఒప్పుకుంది. తర్వాత నా కుడిచెయ్యి తీసుకుని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుంది.

"నీ వేలు ఏం చెప్పింది?"

"లావుగా ఉందని చెప్పింది."

"వేలు కాదంటాంటే తలకాయ ఎందుకు ఊపినావు?"

చెయ్యి లాక్కోబోయాను, వదలలేదు. "నేను చెప్పినాననా?" అని తనే అంది. "నేను ముసలిదాన్ని, కండ్లు లేనిదాన్ని, నాకూ తప్పు పోతాది. పెద్దోళ్లు చెప్పినారని ఊపితే పెద్దోళ్ల తప్పు కూడా నువ్వే మోయాల. ఎంత బరువుండాదో చూస్తివి గదా. తెలిస్తే తెలుసను, తెలీకుంటే తెలీదను. దానికి దుడ్లేమన్నా అడుగుతారా?"

అప్పుడు ఏడ్చాను. వరిగల కోసం కాదు. రెండేళ్లు మొదటి బెంచీలో తలకాయ ఊపిందంతా ఒక్కసారి గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పని ఫిజిక్సు సంగతి ఆ గడపలో జేజికి చెప్పాను. ఆమెకు ఫిజిక్సంటే ఏందో తెలియదు, కానీ అంతా విని, పోనీలే, కాళ్లు కడుక్కో, అన్నం తిందువు అంది.

తిరుపతిలో పెద్ద హాలు. పొడవాటి బల్లల మీద పళ్లేలలో గింజలు, ఎండిన ఆకులు, పనిముట్లు. ఒక్కొక్కరినీ వరసగా నడిపించి అడిగారు. చాలావాటికి నా వేళ్లే జవాబు చెప్పాయి. చివర్లో నెరిసిన జుట్టు ప్రొఫెసరు గారు ఒకాయన కూర్చుని ఉన్నారు. ఆయన ముందు పళ్లెంలో నల్లగా మెరిసే సన్నటి గింజలు. నేను చెయ్యి చాపేలోపే ఆయన ఎంతో ఆప్యాయంగా, "నల్ల నువ్వులే కదమ్మా?" అన్నారు.

నా తల సగం దాకా దిగింది. నిజం చెబుతున్నాను, సగం దాకా దిగింది. కానీ ఈలోపు వేళ్లు గింజను పట్టుకున్నాయి. నువ్వుగింజ పలకగా ఉంటుంది, ఇది కోలగా ఉంది. ఆ మైలున్నర దారి, నెత్తిన కుండ, అన్నీ గుర్తొచ్చాయి.

"నువ్వులు కావు సార్" అన్నాను. "మా పక్క ఇది పండదు. ఏందో నాకు తెలీదు." గోటితో నొక్కితే జిడ్డు తగిలింది. "నూనె గింజ అనుకుంటాండాను" అని కలిపాను.

ఆయన మొహంలో ఏమీ కనపడలేదు. ఏదో రాసుకుని, వెళ్లమన్నారు. తిరుగు బస్సులో మా నాయన, అంత పెద్దాయన చెప్తే కాదని ఎందుకంటివమ్మా అని ప్రొద్దుటూరు దాకా మథనపడుతూనే ఉన్నాడు. నాకూ భయమే. సీటు నా నోటితోనే పోగొట్టుకున్నానని అనుకున్నాను. అయినా ఆ రాత్రి, ఇంటర్ ఫలితాలొచ్చిన తర్వాత మొదటిసారి హాయిగా నిద్రపోయాను.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చామని అందులో ఉంది. మా నాయన దాన్ని చాచా చేత ఒకసారి, పోస్టుమాస్టరు చేత ఒకసారి చదివించుకున్నాడు, నేను చదివింది ఆయనకు చాలలేదు. జేజి మాత్రం ఒకటే అడిగింది. "ఇంతకీ ఆ గింజ ఏందంట?"

కాలేజీలో చేరాక తెలిసింది, అవి వలిసెలని, అరకు కొండల్లో పండిస్తారని. మొదటి సెలవులకు వస్తూ ఒక చిటికెడు తెచ్చి, గుడ్డ కొసలో ముడి వేసి, ఏమీ చెప్పకుండా జేజి చేతిలో పెట్టాను. చాలాసేపు నలిపింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. నేను కావాలనే, "నల్ల నువ్వులే గదా జేజీ?" అన్నాను. బోసినోటితో పకపకా నవ్వి, "కావు. ఏందో నాకు తెలీదు మే, చెప్పు" అంది. పేరు చెప్పాను. వలిసెలు, వలిసెలు అని రెండుసార్లు అనుకుని, ఆ ముడిని ఒక ఖాళీ కుండకు కట్టమంది. ఆ కుండలో ఎప్పుడూ ఏమీ పోయలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ ముడి మాత్రం అలాగే ఉంది.

తర్వాత జమ్మలమడుగులో కొన్నేళ్లు, పులివెందుల చీనీ తోటల, అంటే బత్తాయి తోటల మధ్య ఇంకొన్నేళ్లు ఉద్యోగం చేశాను. రైతులు తెచ్చిన ఆకును తిప్పి చూసి, తెలియకపోతే తెలియదు, రేపు కనుక్కుని వస్తాననేదాన్ని. నా వెనక నాకు "తెలీదు మేడమ్" అని పేరు పెట్టారని తెలుసు. అయినా ఆకులు నా దగ్గరికే తెచ్చేవాళ్లు. ఇంతకంటే నాకు కావలసింది కూడా ఏమీ లేదు. రిటైరై ఇప్పుడు ప్రొద్దుటూరులో నిమ్మళంగా ఉన్నాను.

మొన్న బ్యాంకులో ఒక అబ్బాయి నా ఫోన్లో ఏవేవో నొక్కి, గబగబా నాలుగు ముక్కలు చెప్పి, "అర్థమయ్యింది కదా మేడమ్?" అన్నాడు. పాత అలవాటు, తల కదలబోయింది. ఈలోపే కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రాసుకున్నాయి, నడుమ గింజ ఏమీ లేకపోయినా. అవి ఇప్పటికీ అంతే, నేను చెప్పకుండానే ఆ పని చేస్తాయి.

"కాలేదు నాయనా, మళ్లీ మొదటి నుంచి చెప్పు" అన్నాను.

నా వెనక వరసలో ఉన్న ఒక పెద్దాయన చప్పున ముందుకొచ్చి నిలబడ్డాడు. "నాకూ చెప్పప్పా, రొంత నిదానంగా" అన్నాడు. అప్పటిదాకా ఆయన కూడా తలూపుతూనే ఉన్నాడు.