ఆరు నెలలు మూసిన ఇల్లు

2023 వానాకాలం వెళ్లిపోయే రోజులు. ప్రగతి నగర్ చెరువుకు కాస్త ఎడంగా ఉన్న ఒక పాత అపార్ట్‌మెంట్ నుంచి ఫోన్ వచ్చింది. చేసినతని పేరు కిరణ్, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "ఇంట్లో అడుగు పెట్టలేకపోతున్నామండి, ఒకటే వాసన. మీరొకసారి వచ్చి చూడాలి" అన్నాడు.

నా పని నీళ్లలో నానిన ఇళ్లను ఆరబెట్టడం. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. "దానికీ ఒక మనిషి కావాలా, ఫ్యాన్ వేస్తే ఆరిపోదా?" అని నవ్వుతారు. ఆరదు. నేల మీది నీళ్లు తుడిస్తే పోతాయి గానీ గోడ తాగిన నీళ్లు అంత తేలిగ్గా బయటికి రావు. పైన రంగు పొడిగా కనిపిస్తుంది, లోపల ఇటుక తడిగానే ఉంటుంది. మాయిశ్చర్ మీటర్ అని చేతిలో పట్టే పరికరం ఒకటుంది. గోడకు ఆనిస్తే లోపలి తడి ఎంతో చెబుతుంది. కూకట్‌పల్లిలో షాపు పెట్టిన నాటి నుంచి నేను కంటిని కాదు, దాన్నే నమ్ముతున్నాను.

నాతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న యాదగిరిని తీసుకుని వెళ్లాను. వాళ్ల ఫ్లాట్ బయట, లిఫ్ట్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కిరణ్ వాళ్లమ్మ సత్యవతి గారు కూర్చుని ఉన్నారు. వాళ్లది భీమవరం వైపు. భర్త ఇక్కడే ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యారు, ఆ వేసవిలో ఈ ఇంట్లోనే పోయారు.

"నాన్నగారు పోయిన నక్షత్రం మంచిది కాదన్నారండి. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టమన్నారు" అన్నాడు కిరణ్. "గడువైపోయిందని శాంతి చేయించడానికి తలుపు తీస్తే ఇదీ పరిస్థితి."

కొన్ని నక్షత్రాల్లో మనిషి పోతే ఆ ఇంట్లో ఉండకూడదని, ఉంటే ఇంకొకరు పోతారని మనవాళ్లలో చాలామందికి నమ్మకం. వీళ్లు తాళం వేసి మియాపూర్‌లో అద్దె ఫ్లాట్‌కు మారారు. కిరణ్ కరెంటు మెయిన్ ఆపాడు, గ్యాస్ సిలిండర్ తీసేశాడు, ఫ్రిజ్ ఖాళీ చేశాడు. నీళ్ల వాల్వ్ మాత్రం కట్టలేదు. బాత్రూమ్ గోడలో పైపు జాయింట్ ఒకటి వదులైంది. పైన ట్యాంకు రోజూ నిండుతూనే ఉంది, గోడలో నీళ్లు కారుతూనే ఉన్నాయి.

రెండో నెలలోనే కింది ఫ్లాట్ వాళ్లు తమ సీలింగ్ మీద మరక చూసి ఫోన్ చేశారట. వాల్వ్ ఇంటి లోపల ఉంది. రెండు నిమిషాల పని. "నేనొక్కడినే వెళ్లి కట్టేసి వస్తానన్నాను" అన్నాడు కిరణ్, గొంతు తగ్గించి. "నన్ను చంపి తలుపు తియ్యరా అంది మా అమ్మ. ఏం చెయ్యమంటారు?"

నాకు లోపల మండింది. ఎక్కడో సముద్రం అవతల కంప్యూటర్ ఆగితే అర్ధాంతరంగా అన్నం వదిలి పరిగెత్తే మనిషి, సొంత ఇంట్లో వాల్వ్ కట్టలేకపోయాడా అనిపించింది. నాకెందుకు, నా పని గోడలతో.

లోపల పరిస్థితి నేను అనుకున్నదానికన్నా ఘోరంగా ఉంది. పడకగది గోడ నడుము ఎత్తు దాకా నల్లబడింది. బూజు మంచం కోళ్లకూ, పరుపుకూ, కర్టెన్లకూ పాకింది. మూల మూలలా సాలెగూళ్లు కట్టే బూజు కాదు, మేం మోల్డ్ అనేది, తడిలో పెరిగే ఫంగస్. దాని పొడి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే మాస్కులు లేకుండా మేం గదిలోకి వెళ్లం. వాల్వ్ కట్టి, కిటికీలు తీసి, డీహ్యూమిడిఫైయర్ పెట్టాం. అది గాలిలోని తేమను లాగి నీళ్లుగా మార్చే యంత్రం. పడకగదిలో బాత్రూమ్ గోడకు ఆనించి కట్టిన ప్లైవుడ్ బీరువా ఒకటి ఆ గోడను పట్టుకుని కూర్చుంది, అది ఉన్నంతసేపు గోడ ఆరదు. అది తీసెయ్యాలని కిరణ్‌తో చెప్పాను.

ఆ మాట విని సత్యవతి గారు కుర్చీలోంచి లేచారు. "బాబూ, కింది అరలో తువ్వాల్లో చుట్టిన చొక్కా ఒకటుంది. దాన్ని జాగ్రత్తగా తియ్యి నాయనా."

"ఎవరిదమ్మా?"

"ఆయనది. ఆఖరి రోజు సాయంత్రం విప్పి కొక్కేనికి తగిలించారు. మిగతా బట్టలన్నీ ఇచ్చేశాం. ఇదొక్కటీ నేను దాచాను. ఉతకలేదు. ఆయన వాసన ఉంటుందని."

"మరి వెంట తీసుకుపోలేదేందమ్మా?"

"దోషం దాంతో పాటు వస్తుందేమోనని భయం వేసింది. ఆరు నెలలేగా, తర్వాత వచ్చి తీసుకోవచ్చులే అనుకున్నాను."

యాదగిరి బీరువా తలుపు లాగి చూసి, "అన్నా, గిది పూరీ లెక్క ఉబ్బింది, ఇగ రాదు" అన్నాడు. పగలగొట్టక తప్పలేదు. కింది అరలో తువ్వాలు నీళ్లు పీల్చి ముద్దయింది. విప్పితే లోపల తెల్లచారల చొక్కా. సగానికి పైగా ఆకుపచ్చ బూజు. కాలర్ దగ్గర పట్టుకుంటే నా చేతిలోనే చిరిగింది.

బయటికి తెచ్చేసరికి ఆవిడ రెండు చేతులూ చాచారు. దగ్గరికి తీసుకోబోతుంటే ఆపాల్సి వచ్చింది. "మొహం దగ్గర పెట్టుకోకండమ్మా. ఊపిరికి మంచిది కాదు."

"అయితే నువ్వు చూడు నాయనా. ఏమైనా ఉందేమో."

ఇన్నేళ్ల పనిలో నన్ను అలా ఎవరూ అడగలేదు. వాసనలు పోగొట్టమని పిలుస్తారు, వెతికిపెట్టమని కాదు. మాస్కు కిందికి లాగి వాసన చూశాను. తడి మన్ను, కుళ్లిన చెక్క. అంతే. నా మొహంలోనే జవాబు దొరికినట్టుంది, ఆవిడ మళ్లీ అడగలేదు.

"ఉతికితే బూజు పోతదమ్మా, కొంత బట్ట దక్కుతది" అన్నాను.

"ఉతికాక అందులో ఏముంటుంది?" అన్నారు.

చిరిగిన కాలర్ వైపు చూస్తూ, "ఆ రెండో నెల్లో తలుపు తీసుంటే ఇది దక్కేదా?" అని అడిగారు. కిరణ్ పక్కనే నిలబడి ఉన్నాడు. కాదని చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. చెప్పొచ్చు. కానీ అడిగిన మనిషికి అబద్ధం వద్దనిపించింది.

"దక్కేదమ్మా. అప్పటికి తడి అంత దూరం వచ్చి ఉండదు."

ఆవిడ తల ఊపారు. మేం బూజు పట్టిన వస్తువుల కోసం తెచ్చిన నల్ల సంచిలో చొక్కాను తనే పెట్టి, మూతి ముడి వేశారు. తర్వాత కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "పోతే పోయింది. వీడు ఉన్నాడుగా" అన్నారు.

కిరణ్ మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. అంత మంచి ఉద్యోగం చేసే కొడుకు రెండు నిమిషాల పనికి ఎందుకు ఆగిపోయాడో నాకప్పుడు తెలిసింది. ఆ చొక్కా సంగతి ఆవిడకు ఒక్క రోజూ గుర్తు రాకుండా ఉండి ఉండదు. కొడుక్కి ఏమీ కాకూడదని, తెలిసే మూసి ఉంచారు.

ఆ ఇల్లు ఆరింది. గోడలకు కొత్త ప్లాస్టరింగ్, కొత్త రంగు పడ్డాయి. చివర మీటర్ పెట్టి చూసి, గది మధ్యలో నిలబడి గాలి పీల్చాను. ఏ వాసనా లేదు. మా పనిలో అంతకన్నా మంచి మాట ఉండదు. ఆ రోజు మాత్రం ఆ మాట ఆవిడకు చెప్పడానికి నోరు రాలేదు.

ఇప్పుడు కూడా ఎవరో ఒకరు ఇల్లు పాడుపెడుతున్నామని చెబుతూనే ఉంటారు. నేను నక్షత్రాల గురించి వాదించను. వాల్వ్ ఎక్కడుందో అడుగుతాను. తాళం వేసేముందు లోపల ఏం వదిలి వెళ్తున్నారో కూడా అడుగుతాను.